మహారాజా కుర్చీలను దానమిచ్చిన వైనం

నిశ్చితార్థం రోజున పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చోవలసిన రెండు సింహాసనాలనీ నేను దానం చేసేశాను. అవి నావి కావు. పెళ్ళివారివీ కావు. షామియానా కొట్టు ఆయనవి. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని లోకం ఆ అల్లుణ్ణి ఆడిపోసుకుంటుంది గానీ, అతను కనీసం ఆ ఇంటి మనిషి. నేను ఆ ఇంటి మేడమీద అద్దెకుండేదాన్ని. ఆ రోజు నా మూలంగా ఒక సంబంధం తప్పిపోవలసింది. ఎలా తప్పిపోబోయిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఏలూరులో మా వీధి వీధంతా ఎప్పుడో నవ్వేసింది.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. కాలు ఒకచోట నిలవని మనిషిని. పాలు పొయ్యిమీద పెడితే పొంగేదాకా ఆగలేక గరిటె పెట్టి కెలికే రకం. బస్సు రావడం ఆలస్యమైతే ఊరుకోలేక తర్వాతి స్టాపు దాకా నడిచేదాన్ని. నేను రెండు స్టాపులకీ మధ్యలో ఉండగా ఆ బస్సు నన్ను దాటుకుని వెళ్ళిపోయేది. మావారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఉంగుటూరులో బ్యాంకు ఉద్యోగం. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఆయన ఒకసారి కూర్చుంటారు. కూర్చున్నాక ఆ పని రేపు చేసినా ఫరవాలేదనిపిస్తుంది ఆయనకి. అలా కూర్చునీ కూర్చునీ మా సోఫాని ఒక పక్క గుంట చేసేశారు. ఆ గుంటలో చుట్టాలెవరైనా కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి.

చివరికి కొత్త సోఫా కొన్నాం. పాతదాన్ని ఏం చేయాలి? ఆయన మామూలుగానే "ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నారు. అలా ఎప్పుడైనా పనికొచ్చేవి మా ఇంట్లో అప్పటికే చాలా ఉన్నాయి. తలుపు పడని బీరువా, అద్దం బీటలు వారిన డ్రెస్సింగ్ టేబులు, ఒక వైపే తిరిగే ఫ్యాను, మడిస్తే విప్పుకోని మడతమంచం. వాటి మధ్య పక్కకి ఒత్తిగిలి నడిచేవాళ్ళం, పీతల్లా.

మా స్కూల్లో తెలుగు టీచరు ఒక మాట చెప్పింది. మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున ఒక వృద్ధాశ్రమం ఉందట. ఇంట్లో అక్కర్లేని సామాను ఇస్తామంటే వాళ్ళే వ్యాను పంపించి, రవాణా ఖర్చు అడక్కుండా తీసుకుపోతారట. ఆవిడ మాట పూర్తి చేసేలోపు నేను ఫోను చేసేశాను.

ఆశ్రమం మేనేజరు మంచివాడు. వాడగలిగే స్థితిలో ఉన్నవే ఇమ్మని మెత్తగా చెప్పి, వచ్చేవారంలో వీలు చూసుకుని వ్యాను పంపుతామన్నాడు. వీలు చూసుకోవడమన్న మాట నా ఒంటికి పడదు. మర్నాడు ఫోను చేశాను. ఆ మర్నాడూ చేశాను. స్కూల్లో పీరియడుకీ పీరియడుకీ మధ్య చేశాను. చివరికి ఆయన "అమ్మా, మీరు మళ్ళీ చేయకండమ్మా, ఆదివారం పొద్దున్నే పంపించేస్తాను" అన్నాడు. ఆ గొంతులో ప్రేమ కంటే భయమే ఎక్కువగా వినిపించింది.

ఈలోపు నేను ఊరుకున్నానా? బరువైనవి ఎదురింటివాళ్ళ చేత పట్టించి, సామానంతా కిందికి దింపించి మెట్ల కింద పేర్పించాను. ఇక మిగిలిన ప్రమాదం మావారొక్కరే. వ్యాను వచ్చే వేళకి అడ్డం పడి మడతమంచాన్నో ఫ్యానునో వెనక్కి లాక్కుంటారని నా భయం. అందుకని శనివారం డ్రైవరుకి ఫోనులో గట్టిగా చెప్పాను.

"మెట్ల కింద ఉన్నదంతా ఎక్కించేయండి. ఒక్కటి కూడా వదలొద్దు. మావారు వచ్చి అవి మావి కావనో, ఇవ్వొద్దనో అంటారు. వినకండి. ఆయనకి వస్తువుల మీద మమకారం ఎక్కువ."

"అలాగేనండి మేడంగారూ, మా ఇంట్లోనూ అంతేనండి," అన్నాడు డ్రైవరు.

ఇప్పుడు కింది వాటావాళ్ళ సంగతి చెప్పాలి. ఇంటివారు పురోహితులు. ఆయన్ని బాబాయిగారనీ, ఆవిణ్ణి పిన్నిగారనీ పిలిచేవాళ్ళం. వాళ్ళమ్మాయి హరిణికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి రిటైరైన హైస్కూలు మాస్టారు. నిశ్చితార్థం ఇంటిముందే, షామియానా వేసి. ఏ రోజు? ఆదివారం సాయంత్రం. నాకు తెలియదా అంటే తెలుసు. వ్యాను పొద్దున, నిశ్చితార్థం సాయంత్రం, రెంటికీ ఏం సంబంధం అనుకున్నాను. లెక్కల టీచర్ని కదా, సంబంధం లేని రెండు గీతలు ఎక్కడా కలవవని నా ధైర్యం.

ఆదివారం పొద్దున బాబాయిగారు ఎవరింట్లోనో వ్రతం చేయించడానికి వెళ్ళారు. హరిణి గోరింటాకు చేతులతో లోపల కూర్చుంది. నేను, పిన్నిగారు పూల కోసం బజారుకెళ్ళాం. మేము అటు వెళ్ళగానే షామియానావాళ్ళు వచ్చి గుంజలు దింపారు. దాంతోపాటు రెండు మహారాజా కుర్చీలు కూడా దింపారు. ఎర్ర వెల్వెట్టు, బంగారు రంగు సింహాల తలలు, వెనక నెమలి పింఛంలాంటి వీపు. ఎండ తగిలితే రంగు పోతుందని వాటిని నీడలో పెట్టి, పందిరి వేయడానికి మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. ఆ ఇంటిముందు నీడ ఉన్నది ఒక్క మెట్ల కిందే.

ఆ తర్వాత జరిగింది మావారు చెప్పగా విన్నది. వ్యాను వచ్చింది. సామాను ఎక్కించారు. సోఫా వెళ్ళిపోతుంటే ఆయన మేడమీంచి నిశ్శబ్దంగా వీడ్కోలు చెప్పారు. తర్వాత కుర్చీలు ఎత్తడం చూసి, ఒంటిమీద తువ్వాలుతోనే మెట్లు దిగివచ్చారు.

"బాబూ, ఆ కుర్చీలు మావి కావు."

డ్రైవరు ఆయన్ని ఎంతో జాలిగా చూశాడట. "మీరలాగే అంటారని మేడంగారు నిన్నే చెప్పారండి. ఇచ్చేశాక మనసు తేలికవుద్దండి, బాధపడకండి సార్."

నాతో మాట్లాడిద్దామని ఆయన ఫోను కోసం పైకెళ్ళారు. నా ఫోను పూలసంచి అడుగున మోగింది. బజారు గోలలో నాకు వినపడలేదు. ఆయన మళ్ళీ కిందికి వచ్చేసరికి మెట్ల కింద శుభ్రంగా ఊడ్చినట్టుందట. జీవితంలో మొట్టమొదటిసారి నేను కోరుకున్నట్టు ఆ చోటు ఖాళీ అయింది.

మేము బజారు నుంచి వచ్చాక మావారు నన్ను పైకి పిలిచి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పారు. నాకు చెవుల్లో కొల్లేటి పక్షులన్నీ ఒకేసారి లేచాయి. షామియానా కొట్టుకి ఫోను చేసి ఇంకో జత ఉందేమో అడిగాను. పెళ్ళిళ్ళ రోజులు కదా, ఊళ్ళో కుర్చీలన్నీ ఎక్కడెక్కడో కొలువు తీరి ఉన్నాయట. ఈ జతే చీకటి పడ్డాక ఇంకో రిసెప్షనుకి వెళ్ళాలట, జాగ్రత్తగా చూడమన్నాడు. డ్రైవరు ఫోను తీయలేదు. మేనేజరు తీశాడు.

"ఇప్పుడే చేరాయమ్మా. ఇంతటి వస్తువులు మాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదమ్మా. మీరొకసారి రావాలమ్మా, మా పెద్దవాళ్ళు మిమ్మల్ని చూస్తామంటున్నారు."

"వస్తున్నానండి," అన్నాను.

పిన్నిగారు కుర్చీలేవమ్మా అని అడిగితే, దుమ్ము పట్టి ఉన్నాయి పిన్నిగారూ, దులపడానికి పంపించాను అని చెప్పి, మావారి స్కూటరెక్కాను. దులిపే చోటు కొల్లేటికి అవతల ఉందని మాత్రం చెప్పలేదు.

కొల్లేటి మధ్యనుంచి పోయే ఆ రోడ్డు అందరికీ ఆహ్లాదంగా ఉంటుందట. నాకు ఆ రోజు నీళ్ళు కనపడలేదు, చేపల చెరువులు కనపడలేదు. గూడబాతులు గుంపుగా నీళ్ళమీద తేలుతుంటే, ఎంత తీరిక వీటికి అని ఒళ్ళు మండింది. "ఇంకొంచెం తొందరగా పోనివ్వండి" అని ఆయన వీపుమీద తాళం వేస్తూ కూర్చున్నాను. "నువ్వు వెనకనుంచి తోస్తే బండి వేగం పెరగదు సుధా" అన్నారు గానీ, బండి వేగం మాత్రం పెంచలేదు.

ఆశ్రమం గేటు దగ్గర మేనేజరు శాలువాతో నిలబడి ఉన్నాడు. లోపల హాల్లో మా సోఫా ఒక మూల గోడకి ఆనించి ఉంది. మధ్యలో సింహాసనాలు. వాటికి బంతిపూల దండలు. కూర్చోవడానికి పెద్దవాళ్ళంతా వంతులు వేసుకుని నిలబడ్డారు. ఆ వంతులో అప్పుడు కూర్చున్నవాళ్ళు వీరాస్వామిగారనే ముసలాయన, ఆయన భార్య సత్యవతమ్మగారు. ఆయన జీవితమంతా కొల్లేట్లో పడవ వేసిన మనిషి. ఇప్పుడు ఇంటి ముంగిట పడవ కట్టుకున్న ధీమాతో సింహాల తలల మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ ముందుకి జరిగి, అంచుమీద కూర్చుంది. వాళ్ళ పెళ్ళి చాపమీద జరిగిందట. ఇన్నాళ్ళకి కుర్చీ మీదకి ఎక్కామని ఆయన అందరికీ చెబుతున్నాడు.

నన్ను చూడగానే చప్పట్లు కొట్టారు. మేనేజరు శాలువా కప్పాడు. తమకున్నవాటిలో మిగిలిపోయినవి ఇచ్చేవారే గానీ, ఉన్నవాటిలో మంచివి ఇచ్చేవారు అరుదని ప్రసంగం చేశాడు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నాడు. నేను లేచి నిలబడ్డాను. సాయంత్రం దగ్గర పడుతోంది, నా అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయి. మావారి వైపు చూశాను. ఆయన మా పాత సోఫాలో, తన గుంటలోనే హాయిగా కూర్చుని, మాట్లాడు మాట్లాడు అన్నట్టు తల ఊపారు.

"దానం అంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. సత్యవతమ్మగారు నన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను, నిజమూ చెప్పలేకపోయాను. చివరికి గబగబా, ఊపిరి పీల్చకుండా, మొత్తం కక్కేశాను. మెట్లు, నీడ, డ్రైవరు, మావారి తువ్వాలు, హరిణి, సాయంత్రం ముహూర్తం.

హాలు చల్లబడిపోయింది. మేనేజరు శాలువా వైపు చూశాడు, వెనక్కి తీసుకోవచ్చా లేదా అన్నట్టు. వీరాస్వామిగారు మాత్రం సింహాల మీంచి చేతులు తీసి, మెల్లగా లేచి, భార్యకి చెయ్యి అందించాడు.

"లెగు సత్యవతీ. ఆడపిల్ల పెళ్ళికుర్చీలంట. మనం కూకోకూడదు." తర్వాత నాతో, "అమ్మాయి నిశ్చితార్థం ఎక్కడండి?" అని అడిగాడు.

చూడండి, మాది గోదావరి జిల్లా నోరు. మర్యాద మా ప్రాణాల మీదికి వచ్చినా వదలదు. సిగ్గుతో చచ్చిపోతున్న నేను, ఆ సిగ్గులోనే, "ఏలూరులోనేనండీ, మీరంతా వచ్చి ఆశీర్వదించాలండీ, భోంచేసి వెళ్ళాలండీ" అన్నాను. మా వైపు ఈ మాట గుమ్మం ముందు పోయే ప్రతివాళ్ళనీ అంటాం. ఎవరూ రారు. వస్తారేమోనని ఎవరికీ అనుమానం కూడా ఉండదు.

"తప్పకుండానండి," అన్నాడు వీరాస్వామిగారు.

వ్యాను కైకలూరులో ఇంకెవరి సామానో ఎక్కించుకుంటోందనీ, కాసేపట్లో తిరిగివస్తుందనీ, అందులోనే కుర్చీలు జాగ్రత్తగా పంపిస్తాననీ మేనేజరు అన్నాడు. కాసేపు ఆగితే సరిపోయేది. ఇదిగో, నా కథంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. నేను ఆగలేదు. ఆశ్రమం పక్క చెరువుగట్టున చేపల లారీ ఒకటి ఏలూరు బయలుదేరుతుంటే, పరుగెత్తి ఆపి, ఐసు పెట్టెల మీద సింహాసనాలు ఎక్కించేశాను. నేను ముందు క్యాబిన్లో కూర్చున్నాను. మావారు వెనక స్కూటరు మీద, లారీకి బాగా దూరంగా వచ్చారు. ఎందుకంత దూరంగా వచ్చారో ఏలూరు చేరాక అర్థమైంది.

వెల్వెట్టు గుడ్డకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఐసు కరిగిన నీళ్ళని అది ఎంత శ్రద్ధగా పీల్చుకుందంటే, రాజుగారి వీపు ఆనే చోట కొల్లేరు కొల్లేరంతా చేరింది. పన్నీరు చల్లాను. సాంబ్రాణి వేశాను. మల్లెదండలు చుట్టాను. ఇప్పుడు మల్లెపూలతో చేపలకూర వండినట్టు వాసన వేస్తోంది. అది వెల్లుల్లి కూడా గుమ్మం దాటని ఇల్లని గుర్తుపెట్టుకోండి.

బాబాయిగారు వ్రతం ముగించుకుని వచ్చేశారు. తాడేపల్లిగూడెం వాళ్ళు కార్లలో దిగారు. మాస్టారు, ఆయన భార్య, పెళ్ళికొడుకు, మాస్టారి తల్లి. మామ్మగారికి చూపు కొంచెం తగ్గినట్టుంది గానీ, ముక్కు దివ్యంగా ఉంది. కూర్చున్నప్పటి నుంచీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నాలుగు వైపులా చూస్తూనే ఉంది.

పిల్లనీ పిల్లవాణ్ణీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. హరిణి నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుని ఇప్పటికీ మర్చిపోలేదు. బాబాయిగారు లగ్నపత్రిక చదవడం మొదలుపెట్టగానే, గోడమీంచి ఒక పిల్లి దూకి, తిన్నగా వచ్చి, పెళ్ళికొడుకు కుర్చీ కింద పడుకుంది. తోలాను. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకోదాన్ని వెంటబెట్టుకుని. మాస్టారి భార్య ముఖం మారింది. నేను స్తంభం వెనక నిలబడి, చేతిలో ఉన్న తమలపాకుని చింపీ చింపీ పొడి చేసేశాను.

బాబాయిగారు చదవడం ఆపి, కళ్ళజోడు సవరించుకుని, ఎంతో నిబ్బరంగా అన్నారు. "శుభం. పిల్లి షష్ఠీదేవి వాహనమండీ. పిల్లల్ని కాపాడే తల్లి. పిలవకుండా రెండు వాహనాలు వచ్చాయంటే, సంతానానికి లోటుండదు." అందరూ నవ్వారు, మాస్టారి భార్య కూడా. నేను ఊపిరి పీల్చుకున్నాను. మరీ గట్టిగా పీల్చలేదు, కుర్చీలు దగ్గర్లోనే ఉన్నాయి.

అప్పుడు వీధిలో వ్యాను ఆగింది.

ముందు వీరాస్వామిగారు దిగారు, ఉతికిన పంచె, మెడలో కండువా. తర్వాత సత్యవతమ్మగారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు, తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఆశ్రమం ఆశ్రమమంతా. నడవలేనివాళ్ళని నడవగలిగినవాళ్ళు పట్టుకుని దింపారు. ఒకావిడ చేతిలో అరటిపళ్ళ అత్తం కూడా ఉంది.

మాస్టారు లేచి ఎదురెళ్ళి నమస్కారం పెట్టారు. ఆడపెళ్ళివారి తరఫున ఇంతమంది పెద్దవాళ్ళున్నారని ఆయనకి ఎంతో గౌరవం కలిగింది. బాబాయిగారూ లేచి నమస్కారం పెట్టారు. మగపెళ్ళివారు ఇంతమంది పెద్దల్ని వెంటబెట్టుకొచ్చారని ఆయనకి అంతకంటే గౌరవం కలిగింది. ఇద్దరూ పోటీపడి వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒకరు మజ్జిగ ఇప్పిస్తే, ఇంకొకరు విసనకర్రలు తెప్పించారు. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని వంటింటిలోకి లాగి, "అమ్మాయ్, గూడెం వాళ్ళు ఇంతమంది వస్తారని చెప్పలేదే, అన్నం చాలుతుందా?" అని వణికిపోయింది.

నిజం చెప్పాలా? చెబితే వడ్డన ఆగుతుందా, వాళ్ళని లేపేస్తారా, హరిణి సంబంధం ఏమవుతుంది? ఏమీ తోచక వంటాయన దగ్గరికి పరుగెత్తాను. ఇంకో ఎసరు పెట్టించాను. మావారిని బజారుకి తరిమి, ఉన్న చోటల్లా పులిహోరా స్వీట్లూ తెప్పించాను. ఆ రోజు ఆయన కూర్చోకుండా వెళ్ళారు. దాన్నిబట్టి పరిస్థితి మీరే ఊహించుకోండి.

తాంబూలాలు మారాయి. పెద్దవాళ్ళందరూ వరసగా వచ్చి అక్షింతలు వేశారు. విస్తళ్ళు వేశారు. మాస్టారు మర్యాదస్థుడు, వీరాస్వామిగారి పక్కనే కూర్చున్నారు. నేను అప్పుడు నెయ్యి వడ్డిస్తున్నాను.

"పెద్దవారు, తెలుసుకోవాలని అడుగుతున్నానండీ. మీరు అమ్మాయికి ఏమవుతారండీ?" అన్నారు మాస్టారు.

వీరాస్వామిగారు ముద్ద కలుపుతూ ఆలోచించారు. "మేం అమ్మాయి తరఫు కాదండి."

"అయ్యో, అయితే మావాళ్ళేనా? నేనే గుర్తుపట్టలేకపోయాను, క్షమించాలి."

"మీ తరఫూ కాదండి," అన్నాడాయన తాపీగా. "మేం కుర్చీల తరఫండి."

పంక్తి మొత్తం చేతులు ఆగిపోయాయి. బాబాయిగారు మాస్టార్ని చూశారు. మాస్టారు బాబాయిగార్ని చూశారు. తర్వాత అందరూ కలిసి నన్ను చూశారు. నెయ్యి గిన్నెతో నేను ఎక్కడికి పోగలను? అక్కడే నిలబడి, ఆ రోజు రెండోసారి, అంతా చెప్పేశాను. చేపల లారీ దగ్గరికి వచ్చేసరికి గొంతు పీలగా అయిపోయింది.

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. అప్పుడు మామ్మగారు ముక్కుమీంచి కొంగు తీసేసి, గట్టిగా నిట్టూర్చింది.

"అమ్మయ్య. వచ్చినప్పటి నుంచీ నా ముక్కు పాడైపోయిందనుకుని బెంగపడుతున్నానే. ముక్కు బాగానే ఉందన్నమాట."

ముందు నవ్వింది హరిణి. తర్వాత మాస్టారు. ఆయన నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు, పొలమారింది, వీరాస్వామిగారు తలమీద తట్టవలసివచ్చింది. బాబాయిగారు నవ్వలేదు. లేచి వెళ్ళి సత్యవతమ్మగారి విస్తరి ముందు నిలబడి, "అమ్మా, సుధ మర్యాదకి పిలిచింది. నేను నిజంగా పిలుస్తున్నాను. పెళ్ళికి అందరూ ఇలాగే రావాలి" అన్నారు. ఆవిడ తల ఊపి, ఆకులో ఉన్న పూర్ణం వైపు చూపించి, ఇంకోటి వేయించమంది.

వచ్చారు కూడా. ఆ పెళ్ళిలో మగపెళ్ళివారికి ఒక పక్క, ఆడపెళ్ళివారికి ఒక పక్క పోగా, మధ్యలో కుర్చీల తరఫు వారికి విడిగా విడిది ఇచ్చారు. మూడు తరఫుల్లో ఏ మర్యాద లోపమూ ఎత్తి చూపనిది వాళ్ళొక్కరే.

కనుక పాఠకులారా, తూర్పు ముఖంగా నిలబడి, కొల్లేటి మీద, కొల్లేటి గూడబాతుల మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇకమీదట మా ఇంట్లోంచి గుండుసూది దానం పోవాలన్నా నేను గుమ్మంలో నిలబడి, అది నాదేనని నలుగురి చేత చెప్పించుకుని గానీ ఇవ్వను. ఎవరినైనా భోజనానికి రమ్మనే ముందు వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె మూత తీసి చూసుకుంటాను. చేపల లారీని ఆపను. ఈ ఒట్టు ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుందని మావారు అడుగుతున్నారు. ఇప్పుడే, ఈ క్షణం నుంచే. రేపటిదాకా ఆగడం నావల్ల కాదు.